గుప్పెడు బియ్యంతో కొన్న మిషను



గడచిన వర్షాకాలం చివర్లో, ఏలూరుకు దిగువన కొల్లేటి అంచునున్న ఒక చిన్న సంఘానికి కూటముల నిమిత్తం వెళ్ళాము. ఉదయపు కూటము ముగిసి భోజనాలయ్యాక అక్కడి అయ్యగారు మమ్ములను మందిరం వెనుకనున్న రేకుల గదిలోనికి తీసుకువెళ్ళి, మూలనున్న ప్లాస్టిక్ పట్టా ఎత్తి చూపించారు. క్రింద ఒక స్క్రోల్ సా మిషను ఉంది. చూడని వారి కోసం చెబుతున్నాము: బట్టలు కుట్టే మిషనులో సూది పైకీ క్రిందికీ ఎలా ఆడుతుందో, దీనిలో వెంట్రుకంత సన్నని రంపపు బ్లేడు అలా ఆడుతుంది. పలుచని చెక్కను దాని బల్లమీద పెట్టి చేతితో త్రిప్పుకొంటూ పోతే అక్షరాలు, పువ్వులు, నక్షత్రాలు, ఏ వంపు కావాలంటే ఆ వంపు కోసుకోవచ్చును. ఆ సంఘపు యౌవనస్థులు దానిమీద గుమ్మాలకు తగిలించే వాక్యపు పలకలు, తాళాల స్టాండ్లు, క్రిస్మస్ నక్షత్రాలు చేసి ఏలూరులో అమ్ముకొనేవారట. రెండు వర్షాకాలాలు గడిచేసరికి పని ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో బల్లను చూడగానే తెలిసింది. అది పోత ఇనుప బల్ల. అద్దంలా ఉండవలసినది ఎండిన బెల్లపు పాకంలా ఎర్రగా, గరుకుగా ఉంది. చెక్క దానిమీద జరగదు, పట్టుకొంటుంది. బలవంతంగా తోస్తే బ్లేడు తెగుతుంది. తెల్లని చెక్క అడుగున ఎర్రని మరకలు పడతాయి. ఆ మరకలున్న పలకను ఎవరు కొంటారు?

"పాత ఇనుము వాళ్ళకి వేసేద్దామండి, అయ్యగారూ. స్థలమైనా కలిసొస్తుంది" అన్నాడు ఒక యౌవనస్థుడు. స్త్రీల సమాజపు పెద్దావిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. "ఇది ఎన్ని గుప్పెళ్ళో నీకు తెలుసా, నాయనా?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. "తెలీదు, మామ్మగారూ" అని అతడు తల వంచుకొన్నాడు.

మన సంఘాలలో గుప్పెడు బియ్యపు కానుక సంగతి తెలియని ఇల్లు ఉండదు. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం, ఆదివారం దానిని మందిరానికి తేవడం. ఆ మిషను అలా కొన్నదే. రెండేళ్ళకు పైగా కూడబెట్టిన బియ్యాన్ని అమ్మి, కూలికి పోయే పిల్లలకు చేతిపని ఒకటి ఉంటుందని ఆ తల్లులు దానిని కొన్నారు. కనుక అక్కడ త్రుప్పు పట్టినది ఒక్క ఇనుము కాదు. రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయములో యొర్దాను దగ్గర మ్రాను నరుకుతుండగా గొడ్డలి ఊడి నీళ్ళలో పడినప్పుడు, ఆ ప్రవక్తల శిష్యుడు ఎందుకంత మొఱ్ఱపెట్టాడో గుర్తు తెచ్చుకోండి. అది అతనిది కాదు, ఎరవు తెచ్చినది.

మధ్యాహ్నపు కూటము మానుకొని ఆ బల్ల ముందు కూర్చున్నాము. అయ్యగారు ఏమీ అనుకోలేదు.

అయితే తోమడానికి ముందు, ఇది ఎందుకిలా అయిందో తెలుసుకోవాలి. లేకపోతే తోమినది నెలలోనే మళ్ళీ ఎర్రబడుతుంది. వాన కురిసిందనీ, రేకు కారిందనీ ఆ పిల్లలు చెప్పారు. రేకు కారలేదు, మేము చూశాము. ఇనుముకు త్రుప్పు పట్టడానికి వాన చుక్క మీద పడనక్కరలేదు. గాలిలో తేమ నూటికి అరవై డెబ్బై పాళ్ళు దాటితే చాలు, కంటికి కనిపించని నీటిపొర ఇనుము మీద నిలుస్తుంది. ఆ నీరూ, గాలిలోని ప్రాణవాయువూ కలిసి ఇనుమును తింటాయి. మన కోస్తాలో వర్షాకాలపు ఉదయాన తేమ 80 పాళ్ళు దాటడం మామూలు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరే కొల్లేటి చెంత, చుట్టూ చేపల చెరువులున్న ఊళ్ళలో చెప్పనే అక్కరలేదు. పైగా అల్యూమినియం గిన్నె మీద పట్టే పొర దానిని కాపాడుతుంది గాని, ఇనుము మీద పట్టే త్రుప్పు కాపాడదు. అది స్పంజిలాంటిది, తేమను పీల్చి లోపలికి పంపుతుంది. అందుకే ఒకచోట మొదలైనది అక్కడితో ఆగదు. ఢిల్లీలోని ఇనుప స్తంభం 1600 ఏళ్ళుగా నిలిచి ఉన్నదని మీరు విని ఉంటారు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ, అది పైన కాపుదల పొరను కట్టింది. మన మిషను బల్లకు ఆ భాగ్యం లేదు.

వానలు వెళ్ళినంత మాత్రాన గండం గడిచిందనుకోకూడదు. డిసెంబరు, జనవరి మంచు రోజులే ఇంకా మోసకరమైనవి. రాత్రంతా ఇనుము చల్లబడి ఉంటుంది. ప్రొద్దున తలుపు తీయగానే బయటి తేమగాలి లోపలికి వచ్చి ఆ చల్లని ఇనుముకు తగిలి నీరవుతుంది. చల్లని నీళ్ళు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమ్మ పట్టడం చూడలేదా? అదే ఇది. మిషను మీద ఒక్క చుక్క నీళ్ళు పోయలేదని మనం ప్రమాణం చేసినా, అది ప్రతి ఉదయం తడుస్తూనే ఉంటుంది.

ఆ గదిలో మేము కనిపెట్టిన అసలు శత్రువులు మాత్రం వేరే ఉన్నాయి. మొదటిది, మిషనుకు రెండడుగుల దూరంలో గోడకు చేర్చి పెట్టిన బ్లీచింగ్ పౌడరు బస్తాలు. సంఘస్థులలో ఒకరు చేపల చెరువు చేస్తారు, బస్తాలు తడవకుండా ఉంటాయని అక్కడ పెట్టుకొన్నారు. మూతి ఎంత గట్టిగా కట్టినా బ్లీచింగ్ నుండి క్లోరిన్ ఆవిరి వస్తూనే ఉంటుంది. గది తెరవగానే ముక్కుకు ఘాటు తగిలిందంటే ఇనుముకు ఎప్పుడో తగిలిందని అర్థం. ఉప్పు బస్తా కూడా అంతే, అది గాలిలోని తేమను లాగి చుట్టూ చెమ్మ చేస్తుంది. చెరువుల మందులూ ఇనుప పనిముట్లూ ఒక గదిలో ఉండరాదు. మా మాట నమ్మి ఈ ఒక్కటి పాటించినా సగం పని అయినట్టే. ఉప్పుటేరు వైపు ఊళ్ళవారూ, ఉప్పునీటి రొయ్యల చెరువుల దగ్గరివారూ మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చేతులకూ బట్టలకూ కూడా ఉప్పు అంటుకొని వస్తుంది.

రెండవది ఆ ప్లాస్టిక్ పట్టా. వాళ్ళు మంచికే కప్పారు. కాని ప్లాస్టిక్ క్రింద చేరిన తేమ బయటకు పోలేదు, లోపలే ఆవిరై లోపలే కారుతుంది. నేల కూడా మట్టి నేల, క్రిందినుండి చెమ్మ ఊరుతోంది. మూడవది రంపపు పొట్టు. పని ముగిసిన తరువాత పొట్టును బల్లమీదే వదిలేశారు. పొట్టు తేమను పట్టి ఉంచుతుంది. అందులోనూ తుమ్మ వంటి వగరు చెక్కల పొట్టు పచ్చిగా ఉంటే ఇనుమును నల్లగా కొరుకుతుంది. పచ్చి తుమ్మ కోసిన మేస్త్రి చేతులూ రంపమూ నల్లబడటం మీరు చూసే ఉంటారు.

ఇక ఆ మధ్యాహ్నం చేసిన పని. మొదట ప్లగ్గు ఊడదీశాము. తరువాత బ్లేడు తీసివేశాము. ఒక స్క్రూడ్రైవరు అయస్కాంతాన్ని బల్లకు ఆనించి చూశాము. కొన్ని చిన్న మిషన్లకు అల్యూమినియం బల్ల ఉంటుంది, దానికి అయస్కాంతం అంటదు, ఎర్ర త్రుప్పూ పట్టదు. ఇది గట్టిగా అంటుకొంది. కిరసనాయిలు కొద్దిగా పోసి పావుగంట నాననిచ్చి, 320 నంబరు ఎమిరీ కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి, ఒకే దిక్కుగా రుద్దాము. వ్రేళ్ళతో రుద్దితే వ్రేళ్ళ క్రింద గుంట పడుతుంది, బల్ల చదును పోతుంది. చెక్కముక్క తప్పనిసరి. ఎర్ర బురద వచ్చినప్పుడల్లా పాత గుడ్డతో తుడిచి, మళ్ళీ రుద్ది, చివరికి 600 నంబరు కాగితంతో ముగించాము. పిల్లలు వంతులు వేసుకొన్నారు. మూడు గంటలు పట్టింది. చింతపండుతోనో నిమ్మకాయతోనో రాగి బిందెను తోమినట్టు తోముదామని ఒక అమ్మ సలహా ఇచ్చారు. పులుపు త్రుప్పును కరిగించేమాట నిజమే. కాని దానిని నీళ్ళతో కడగాలి, కడిగిన పోత ఇనుము మన కళ్ళముందే మళ్ళీ ఎర్రబడుతుంది. చిన్న మేకులకూ కొడవళ్ళకూ సరే, మోటారున్న మిషనుకు వద్దన్నాము.

కిరసనాయిలు తడిసిన గుడ్డలను బయట ఆరుబయట ఆరవేయాలి. వాసన పూర్తిగా పోయే వరకూ మిషను ఆన్ చేయరాదు, మోటారులో నిప్పురవ్వ పుట్టవచ్చును. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, చేసేటప్పుడు మరచిపోతారని చెబుతున్నాము.

లోతైన గుంటలు కొన్ని అలాగే మిగిలాయి. వాటి వలన నష్టం లేదు. చెక్క జరగడానికి బల్ల చదునుగా ఉండాలి గాని అందంగా ఉండనక్కరలేదు.

తోమిన ఇనుము బిడ్డ ఒళ్ళులాంటిది, ఆ సాయంత్రమే ఏదో ఒకటి కప్పాలి. ఇక్కడే చాలామంది నూనె సీసా తీస్తారు. మా తప్పు కూడా ఒప్పుకొంటున్నాము. చాలా ఏళ్ళ క్రితం మేము ఇలాంటి బల్లకు కొబ్బరినూనె దట్టంగా పట్టించాము. నెల తిరిగేసరికి నూనె, పొట్టు కలిసి జిగురై కూర్చుంది. దానిమీద కోసిన వాక్యపు పలకకు అడుగున నూనె పీల్చింది. రంగు వేసి మందిర ప్రతిష్ఠ నాడు తగిలించాము. మూడవ వారానికి అక్షరాల రంగు పొరలుగా లేచిపోయింది. ఏ వాక్యమో చెప్పము గాని, నిలిచి ఉండుటను గూర్చినదే. అప్పటినుండి బల్లపైకి వంటనూనె ఏదీ రానివ్వలేదు. క్రిందనున్న స్క్రూలకూ, బల్లను వంచే మరకూ కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. కారు పాలిష్‌లు కూడా వద్దు. వాటిలో సిలికోను ఉంటే అది చెక్కకు అంటి, తరువాత వార్నిష్ పట్టనివ్వదు.

బల్లకు కావలసినది మైనం. మైనం నీటిని ఆపుతుంది, చెక్కకు మరక చేయదు, పైగా చెక్క వెన్నమీద జారినట్టు జారుతుంది. ఈ సంగతి మాకు నేర్పినవారు తాడేపల్లిగూడెంలోని ఒక వృద్ధ వడ్రంగి మేస్త్రి. ఆయన రంపపు బల్లమీద ముఖం చూసుకోవచ్చును. ఏమి పూస్తారు మేస్త్రిగారూ అని అడిగితే, జేబులోనుండి కొవ్వొత్తి ముక్క తీసి చూపించారు. "ముందు మన చేతి చెమటండీ. అది చూసుకుంటే మిగతాది కొవ్వొత్తి చూసుకుంటుంది" అన్నారు. నిజమే. చెమటలో ఉప్పు ఉంది. వేసవిలో చెయ్యి ఆనిన చోట మరునాటికి అయిదు వ్రేళ్ళ ముద్ర ఎర్రగా లేస్తుంది. ఆయన పని ఆపేముందు బల్లను పొడిగుడ్డతో తుడవకుండా లేవరు.

కొవ్వొత్తిని నేరుగా బల్లమీద రుద్ది, గుడ్డతో గట్టిగా మెరుగుపెట్టినా పని జరుగుతుంది. ఇంకా బాగుండాలంటే ముద్ద చేసుకోవచ్చును. తేనెపట్టు మైనం దొరికితే శ్రేష్ఠం, ఒట్టి కొవ్వొత్తి మైనం పెళుసు, రెండూ సగం సగం కలపండి. ఒక డబ్బాలో మైనం వేసి, ఆ డబ్బాను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి. కరిగాక పొయ్యికి దూరంగా, ఆరుబయటికి తెచ్చి, మైనం ఒక పాలైతే టర్పెంటైను రెండు మూడు పాళ్ళు పోసి కలపాలి. టర్పెంటైనును పొయ్యి దగ్గరకు ఎంతమాత్రం తేకూడదు, అది భగ్గున అంటుకొంటుంది. పిల్లలను దూరంగా ఉంచండి. చల్లారాక బూట్ పాలిష్‌లా ముద్ద అవుతుంది. పొడిగానున్న బల్లకు, వీలైతే ఎండ తగిలి కాస్త వెచ్చబడిన బల్లకు, పలుచగా పూసి, పది నిమిషాలాగి, నూలుగుడ్డతో మెరుగుపెట్టాలి. మొదటిసారి మూడు పూతలు. తరువాత వానల్లో వారానికొకసారి, వేసవిలో నెలకొకసారి చాలును. దట్టంగా పూస్తే లాభం లేదు, పొట్టు అంటుకొంటుంది.

ఆ సంఘంలో మైనం ఎక్కడ దొరుకుతుందని ఆలోచిస్తుండగా అయ్యగారి భార్య, అమ్మగారు, లోపలికి వెళ్ళి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చారు. నిండా కొవ్వొత్తి మొదళ్ళు. క్రిస్మస్ ముందురాత్రి కొవ్వొత్తుల ఆరాధనలో మిగిలినవి, పారవేయబుద్ధి కాక దాచారట. మన మందిరాలలో ప్రతి ఏటా ఎన్ని మొదళ్ళు ఊడ్చి పారవేస్తున్నామో! ఆ డబ్బా ఆ మిషనుకు పదేళ్ళు సరిపోతుంది.

తరువాత గదిని సర్దాము. బస్తాలను సొంతదారుడు తన చెరువు గట్టున ఉన్న పాకకు తరలించారు. కొంచెం చిన్నబుచ్చుకొన్నారు గాని తరలించారు. మిషనును గోడకు అడుగు దూరం జరిపి, ఇటుకల మీద మందపాటి చెక్క వేసి ఎక్కించాము. ప్లాస్టిక్ పట్టా స్థానంలో ఒక అమ్మ పాత దుప్పటి ఇచ్చారు. నూలుబట్ట తేమను పట్టి ఉంచక వదులుతుంది, అయితే అది తడిస్తే వెంటనే మార్చాలి. వెనుకటి రోజుల్లో పనిముట్ల పెట్టెలో 40 వాట్ల బల్బు వెలిగించి ఉంచేవారు, ఆ వెచ్చదనానికి ఇనుము చెమర్చేది కాదు. ఇప్పుడు ఎల్.ఇ.డి. బల్బు పెట్టి అదే ఫలితం ఆశిస్తున్నారు కొందరు. దానికి వెలుగే గాని అంత వేడి లేదు.

వరద మాట కూడా ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు దిగివచ్చినది కొల్లేటికే. లంక గ్రామాలవారికి ఆ రోజులు గుర్తుంటాయి. నీరు వచ్చే సూచన ఉంటే మిషనును బల్లమీదికో అటకమీదికో ఎక్కించండి. ఒకవేళ మునిగితే, ఎండినట్టు కనిపించినా స్విచ్చి వేయకండి. మోటారును ఎలక్ట్రీషియను విప్పి ఆరబెట్టి పరీక్షించే వరకూ అది ప్రాణాపాయమే. వరద తీసిన తరువాత కూడా నేలలోని చెమ్మ నెలల తరబడి ఊరుతుంది, ఆ కాలంలో మైనపు పూత వారానికి రెండుసార్లు వేయండి.

నర్సాపురం వైపునుండి ఈ శీర్షిక చదివే లేసు అల్లే సహోదరీలకు కూడా ఒక మాట. మీ అల్లిక సూదికి పట్టే త్రుప్పు కూడా ఇదే త్రుప్పు. తెల్లదారం మీద అది వదిలిన మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి, తరువాత బాగా ఉతకండి, చాలావరకు పోతుంది. సూదికి కొవ్వొత్తి ముక్క రుద్ది, మెరుగుపెట్టి, పొడిగుడ్డలో చుట్టి దాచుకోండి.

క్రిస్మస్‌కు ముందు ఆ సంఘంనుండి అయ్యగారు ఫోను చేశారు. శనివారం సాయంత్రం మిషను తుడిచి మైనం పూసే పనిని యౌవనస్థులు వంతుల వారీగా గోడమీద వ్రాసుకొన్నారట. పాత ఇనుముకు వేద్దామన్న అబ్బాయిదే మొదటి వంతు. నక్షత్రాలు నలభై దాకా అమ్ముడుపోయాయట. డబ్బు ఏమి చేశారని అడిగితే, సగం పిల్లలు పంచుకొన్నారనీ, సగం పెద్దావిడ చేతికి ఇచ్చారనీ, ఆవిడ లెక్కపెట్టి "ఇంకా చాలా గుప్పెళ్ళు రావాలి" అన్నారనీ చెప్పి నవ్వారు.

బ్లేడ్లు మాత్రం ఇప్పటికీ తెగుతున్నాయట. అది బల్ల తప్పు కాదు, బిగింపు తప్పు అయి ఉండాలి. బ్లేడు ఎంత బిగించాలి, ఏ చెక్కకు ఎన్ని పళ్ళ బ్లేడు వాడాలి అనేది వచ్చే నెల వ్రాస్తాము.